అధికారం పంచుకుందామన్న ఆజాద్ సాహెబ్

మౌలానా అబుల్ కలాం ఆజాద్ సాహెబ్ 1888లో మక్కాలో పుట్టి, కలకత్తాలో పెరిగారు. మేము ఉర్దూ బడిలో పిల్లలకు ఆయన జీవితం చెప్పేటప్పుడు తొలి విద్యామంత్రి అని ఊరుకోం. 1946 సంగతి కూడా చెబుతాం.

దేశం ముక్కలు కాకుండానే ముస్లిముల భయం తీరాలని ఆయన తపన. రక్షణ, విదేశాంగం, రాకపోకలు కేంద్రానికి ఉంచి, తక్కిన అధికారాలు చాలా వరకు రాష్ట్రాలకే వదలాలన్నారు. క్యాబినెట్ మిషన్ పథకమూ ఆ దారినే వచ్చింది. కాని పార్టీల మధ్య పొత్తు కుదరక 1947లో దేశం చీలింది. రాజ్యాంగం బలమైన కేంద్రాన్నే ఎంచుకుంది.

అయినా బడి చదువులు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. కేంద్ర మంత్రిగా ఆజాద్ సాహెబ్, 1958లో కన్నుమూసే దాకా, రాష్ట్రాల మంత్రులతో కూర్చుని మాట్లాడే పని నడిపించారు. 1976 సవరణతో విద్య ఉమ్మడి జాబితాకు మారింది. పెత్తనం కన్నా పంపకం మేలని ఆయన జీవితం మాకు నేర్పింది.