మట్టిగూడు ముందు కూర్చున్న మాస్టారు

కనకాలపేటలో మన ఇళ్ల చూరు కింద కందిరీగ కట్టిన మట్టిగూడు కనిపిస్తే ఏం చేస్తాం? చీపురుతో రాల్చేస్తాం. అలాంటి ఒక మట్టిగూడు ఓ బడిపంతులు జీవితాన్నే మార్చేసింది. ఆయన పేరు ఝాన్ ఆన్రీ ఫాబ్ర్. మన యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న కాలంలో ఫ్రాన్సులో బతికిన మనిషి.

ఫాబ్ర్ 1823 డిసెంబరులో దక్షిణ ఫ్రాన్సులోని ఒక పల్లెలో, పేద ఇంట పుట్టారు. ఇంట్లో మాట్లాడేది ఆక్సిటాన్ భాష, చదువు మాత్రం ఫ్రెంచిలో. ఇంటి భాష ఒకటి, చుట్టూ వినిపించే పెద్ద భాష మరొకటి కావడం మనకూ తెలిసిన సంగతే. ఆయన ఇంటి భాషను వదల్లేదు. పెద్దయ్యాక అక్కడి భాషలో పద్యాలు కూడా రాశారు.

1842లో కార్పాంత్రా అనే ఊళ్లో ఉపాధ్యాయుడయ్యారు. భూమి కొలతలు నేర్పడానికి పిల్లల్ని బయలుకు తీసుకెళ్లేవారు. గుర్తుకర్ర పాతి రమ్మంటే పిల్లలు మధ్యలోనే ఆగిపోయి రాళ్లు వెతికేవారు. రాళ్ల మీద ఒక రకం తేనెటీగ కట్టిన మట్టిగూళ్లలోంచి గడ్డిపరకతో తేనె పీల్చేవారు. మాస్టారు బెత్తం ఎత్తలేదు, తానూ వాళ్లతో కలిశారు. ఆ ఈగ సంగతి తెలుసుకోవాలని నెల జీతమంత ఖరీదైన పుస్తకం కొన్నారు.

తరువాత అవిన్యోన్‌లో సాయంత్రం తరగతులు చెప్పారు. పువ్వు కాయగా ఎలా మారుతుందో ఆడపిల్లలకు వివరించినందుకు కొందరు పెద్దలు మండిపడ్డారు. 1870లో కొలువు పోయింది, అద్దె ఇల్లూ పోయింది. సంసారం గడవడానికి బడిపిల్లలకు సైన్సు పుస్తకాలు రాశారు.

1879లో సెరిన్యాన్ ఊళ్లో రాళ్లూ ముళ్లూ నిండిన బీడు కొన్నారు. అదే ఆయన ప్రయోగశాల. 1896లో అక్కడ గొంగళిపురుగుల బారు ఒకటి కుండీ అంచు ఎక్కింది. పక్కనే మేత ఉన్నా, ఒకదాని వెనుక ఒకటిగా ఏడు రోజులు ఆ అంచు మీదే తిరగడం ఆయన చూశారు. పేడపురుగు గుడ్డు పెట్టే ఉండ బేరిపండు ఆకారంలో ఉంటుందని తేలడానికి ఒక గొర్రెలకాపరి కుర్రాడు సాయపడ్డాడు. డార్విన్ ఆయన చూపును మెచ్చుకున్నారు. ఫాబ్ర్ మాత్రం డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. అంత బాగా చూడగలిగినవారికీ అన్నీ అందవు.

చూసినదంతా 10 సంపుటాలుగా రాసి, 1915 అక్టోబరులో కన్నుమూశారు.

పిల్లలూ, ఈసారి మట్టిగూడు కనిపిస్తే రాల్చకండి, చేత్తో తాకకండి. కాస్త దూరంగా కూర్చుని చూడండి. కందిరీగ తడిమట్టి ఎక్కడినుంచి తెస్తోంది? గంటలో ఎన్నిసార్లు వచ్చింది? లోపల ఏం దాచింది? చూసినది చూసినట్టు, ఇంట్లో అమ్మకు చెప్పే తెలుగులోనే నోటు పుస్తకంలో రాయండి. మర్నాడు మాస్టారికి చూపించండి. వారికి తెలియకపోతే ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి.