సేనాని నతనయేలు గ్రీన్ – ఆయన పితరులు, ఆయన సంతతి

ఒక మనుష్యుని గూర్చి తెలిసికొనవలెనన్న, మొదట ఆతని తాతతండ్రులను గూర్చి తెలిసికొనుట మంచిది. మన సంఘములలో ఏ కుటుంబ చరిత్ర చూచినను ఈ మాట నిజమని తోచును. తండ్రి నేర్పిన భక్తి కుమారునిలో ఒక విధముగా నిలిచి, మరియొక విధముగా మారిపోవుచుండును. అట్టి కుటుంబములలో ఒకటి అమెరికా దేశములోని రోడ్ ఐలండ్ రాష్ట్రమునకు చెందిన గ్రీన్ వంశము. యుద్ధము పాపమని నమ్మిన క్వేకరుల ఇంట పుట్టి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధములో జార్జి వాషింగ్టనుకు కుడిభుజమని పేరుపొందిన నతనయేలు గ్రీన్ ఈ వంశమువాడే.

ఈ వంశమునకు మూలపురుషుడు జాన్ గ్రీన్. ఈయన ఇంగ్లండులోని సాల్స్‌బరీ పట్టణములో శస్త్రవైద్యుడు. 1635లో భార్యాబిడ్డలతో ఓడనెక్కి మసాచుసెట్స్ చేరెను. అక్కడి అధికారులు మనుష్యుల మనస్సాక్షి మీద కూడ పెత్తనము చేయుట ఆయనకు సరిపడలేదు. ఆ మాట బహిరంగముగా అన్నందుకు జరిమానా విధించిరి. ఆయన రోజర్ విలియమ్స్ స్థాపించిన ప్రావిడెన్స్ గ్రామమునకు వెళ్లి స్థిరపడెను. 1643 ఆరంభములో శామ్యూల్ గార్టన్ మొదలగువారితో కలిసి, నారగన్సెట్ జాతి నాయకుడైన మియాంటొనోమి యొద్ద షావోమెట్ అను ప్రదేశమును కొనెను. ఆ యేడే మసాచుసెట్స్‌వారు సైనికులను పంపి వారి మీద పడగా, గ్రీన్ తప్పించుకొని, తరువాత న్యాయము కొరకు ఇంగ్లండు వరకు వెళ్లెను. ఆ ప్రదేశమే తరువాత వార్విక్ అను పేరుతో వృద్ధి చెందెను. మనస్సాక్షి కొరకు ఇల్లు వాకిలి విడిచిపెట్టుట ఈ కుటుంబములో మొదటి తరమునుండియే కనబడుచున్నది.

ఆ కాలములోనే ఇంగ్లండులో జార్జి ఫాక్స్ బోధవలన స్నేహితుల సంఘము బయలుదేరెను. వీరినే లోకము క్వేకరులని పిలిచెను. వీరు ప్రమాణము చేయరు, ఆయుధము పట్టరు, ఆ కాలములో గొప్పవారి యెదుట టోపీ తీయకుండిరి. దేవుని వెలుగు ప్రతి మనుష్యునిలో ఉన్నదని నమ్మి, మౌనముగా కూర్చుండి ఆరాధించెదరు. బోస్టను పట్టణములో 1659 మొదలు 1661 వరకు నలుగురు క్వేకరులను ఉరితీసిరి. వారిలో మేరీ డయర్ అను స్త్రీయు కలదు. అయితే రోడ్ ఐలండులో మతస్వేచ్ఛ ఉండుటచేత, అక్కడ వారికి ఆశ్రయము దొరకెను. 1672లో జార్జి ఫాక్స్ స్వయముగా ఆ ప్రాంతమునకు వచ్చెను. క్రమేణ అక్కడి పాత కుటుంబములనేకము ఆ సంఘములో చేరెను. గ్రీన్ వంశములోని పొటొవొమట్ శాఖయు అట్లే చేరెను.

శస్త్రవైద్యుడైన జాన్ కుమారులలో జేమ్స్ ఒకడు. జేమ్స్ కుమారుడు జేబెజ్. జేబెజ్ కుమారుడు నతనయేలు. ఈ నతనయేలే మన సేనానికి తండ్రి. ఈయన పొటొవొమట్ అను చోట వ్యవసాయము చేయుచు, పిండిమరయు, రంపపు మిల్లును, ఓడలకు లంగరులు చేయు పెద్ద కొలిమియు నడిపించెను. ఆదివారమున ఈస్ట్ గ్రీనిచ్ క్వేకరు కూటములో ప్రసంగించుచుండెను. మొదటి భార్యవలన ఇద్దరు, రెండవ భార్యయైన మేరీ మాట్ వలన ఆరుగురు, మొత్తము ఎనిమిదిమంది కుమారులు కలిగిరి. మేరీ మాట్ కన్న రెండవ కుమారునికి తండ్రి తన పేరే పెట్టెను. యోహాను సువార్తలో కపటము లేనివాడని ప్రభువు మెచ్చుకొనిన నతనయేలు పేరే అది.

ఆ బాలుడు 1742 ఆగష్టు 7వ తేదీన జన్మించెను. ఆయనకు పదకొండవ యేట తల్లి చనిపోయెను. తండ్రి భక్తిపరుడేగాని, చదువు ఎక్కువైన గర్వము వచ్చునని తలంచెడివాడు. బైబిలు చదువుటకు, లెక్క వ్రాసికొనుటకు చాలినంత విద్యయే చెప్పించెను. కుమారులందరు పొలములో దున్నవలెను, కొలిమిలో సమ్మెట కొట్టవలెను. నతనయేలుకు మాత్రము పుస్తకములనిన ప్రాణము. తీరిక వేళలలో చిన్న ఇనుప బొమ్మ లంగరులు చేసి, న్యూపోర్ట్ పట్టణములో అమ్మి, ఆ డబ్బుతో పుస్తకములు కొనెడివాడని కుటుంబములో చెప్పుకొనుచుండిరి. కొలిమి నిప్పు దగ్గర కూర్చుండి యూక్లిడ్ రేఖాగణితము చదివెనందురు. ఆయన కాలు కొంచెము కుంటు. ఉబ్బసపు వ్యాధియు ఉండెను.

1770లో తండ్రి చనిపోయెను. ఆ యేడే కుమారుడు కావెంట్రీ గ్రామములోని కుటుంబపు కొలిమిని చూచుకొనుటకు అక్కడ ఇల్లు కట్టుకొనెను. ఆ ఇల్లు నేటికిని నిలిచియున్నది. 1772లో గాస్పీ అను బ్రిటిషు రాజనౌకవారు గ్రీన్ సోదరుల ఓడనొకదానిని సరుకుతోకూడ పట్టుకొనిరి. దాని అధిపతిపై నతనయేలు కోర్టులో దావా వేసెను. ఆ యేడు జూన్‌లో రోడ్ ఐలండు ప్రజలు కొందరు ఆ నౌకను తగులబెట్టిరి. అంతవరకు కొలిమి, పొలము, పుస్తకములు తప్ప మరియొకటి ఎరుగని మనుష్యుని మనస్సు అప్పటినుండి దేశ వ్యవహారముల వైపు తిరిగెను. సైనిక విద్యను గూర్చిన గ్రంథములు తెప్పించుకొని చదువసాగెను.

1773 జూలైలో ఈస్ట్ గ్రీనిచ్ కూటపు పెద్దలు ఆయనను సభ్యత్వమునుండి తాత్కాలికముగా తొలగించిరి. తగని బహిరంగ స్థలమునకు వెళ్లెనన్నది వారి ఆరోపణ. అది సారాయి దుకాణమని కొందరు, సైనిక కవాతని కొందరు చెప్పుదురు. ఏదియైనను, తండ్రి ప్రసంగించిన కూటమునుండియే కుమారుడు వెలుపలికి రావలసివచ్చెను. సంఘ శిక్షకు గురియైన కుటుంబము యొక్క బాధ ఎట్టిదో సంఘములో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1774 జూలైలో ఆయన బ్లాక్ ద్వీపవాసియైన కేథరిన్ లిటిల్‌ఫీల్డ్‌ను వివాహమాడెను. ఆ శరత్కాలములో పొరుగువారు కెంటిష్ గార్డ్స్ అను స్వచ్ఛంద దళమును ఏర్పాటు చేసికొనిరి. కుంటివాడు అధికారిగానుండుట దళమునకు శోభ కాదని కొందరనగా, ఆయన మనస్సు నొచ్చుకొనెను గాని దళమును విడువలేదు. సామాన్య సిపాయిగా నిలిచెను. ఏడెనిమిది నెలలు గడువకముందే, 1775 మే నెలలో రోడ్ ఐలండ్ శాసనసభ ఆయననే తన సైన్యమంతటికి బ్రిగేడియర్ జనరల్‌గా నియమించెను. ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు తలరాయి అయినట్లాయెను.

ఆయన యుద్ధ జీవితములో తప్పులు లేకపోలేదు. 1776 నవంబరులో ఫోర్ట్ వాషింగ్టన్ కోటను నిలుపవచ్చునని ఆయన ఇచ్చిన సలహావలన రెండువేల ఎనిమిదివందలమంది బందీలైరి. వాషింగ్టన్ అయినను ఆయనను విడిచిపెట్టలేదు. 1778 నుండి 1780 వరకు సైన్యమునకు బండ్లు, గుఱ్ఱములు, డేరాలు సమకూర్చు శాఖను ఆయనకప్పగించెను. పొలము, మిల్లు, కొలిమి నడిపిన అనుభవము అక్కడ అక్కరకు వచ్చెను.

1780 డిసెంబరులో దక్షిణ సైన్యమునకు నాయకుడుగా షార్లెట్ చేరెను. కాగితముపై 2300 మంది సైనికులు. సరియైన బట్టలు, ఆయుధములు గలవారు 800 మంది మాత్రమే. ఎదుటనున్నవాడు లార్డ్ కార్న్‌వాలిస్. గ్రీన్ వెనుకకు నడచుచు, నదులు దాటుచు శత్రువును అలసటపరచెను. 1781 మార్చి 15న గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ యుద్ధములో స్థలము బ్రిటిషువారికే దక్కెను గాని, వారి 1900 మందిలో 500 మందికి పైగా చనిపోవుటో గాయపడుటో జరిగెను. ఆ దెబ్బకు కార్న్‌వాలిస్ సముద్రతీరమునకు వెళ్లి, అటుపిమ్మట వర్జీనియాకు పోయి, అక్టోబరు 19న యార్క్‌టౌనులో లొంగిపోయెను.

ఆ యుద్ధభూమికి సమీపముననే న్యూ గార్డెన్ అను క్వేకరుల గ్రామముండెను. గాయపడినవారిని చూచుకొనుడని గ్రీన్ వారికి ఉత్తరము వ్రాసెను. తాను క్వేకరుల ఇంట పెరిగినవాడనని అందులో జ్ఞాపకము చేసెను. ఆ రైతులు ఏ పక్షమునకును చేరక, ఇరుపక్షములవారిని తమ ఇండ్లలోను ఆరాధన మందిరములోను ఉంచి సేవచేసిరి. కత్తి పట్టినవాడు, కత్తి పట్టనివారిని ఆశ్రయించిన ఘట్టమిది. ఆయన జీవితములో ఇంతకంటె మనస్సును తాకు సంగతి లేదు.

ఈ కార్న్‌వాలిస్ మనకు తెలియనివాడు కాడు. 1786లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చెను. 1788లో గుంటూరు సర్కారు నిజామునుండి కంపెనీ వశమైనది ఆయన కాలములోనే. ఆయన 1793లో బెంగాలులో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతియే 1802 మొదలు ఉత్తర సర్కారుల జమీందారీలకును వచ్చెను.

యుద్ధానంతరము గ్రీన్ అప్పులపాలయ్యెను. సిపాయిలకు బట్టలు, తిండి సమకూర్చుటకై ఒక వర్తకునికి ఆయన జామీనుండెను. ఆ వర్తకుడు దివాలా తీసెను. దక్షిణ రాష్ట్రములు కృతజ్ఞతతో భూములిచ్చెను. వాటిలో జార్జియాలోని మల్బరీ గ్రోవ్ ఒకటి. ఆ భూములలో పంట పండించుటకు ఆయన బానిసలను ఉంచుకొనెను. అప్పటికి ఫిలడెల్ఫియా క్వేకరుల వార్షిక కూటము బానిసలను విడిచిపెట్టని సభ్యులను వెలివేయ తీర్మానించి (1776) కొన్ని యేండ్లు గడిచెను. 1783లో వార్నర్ మిఫ్లిన్ అను క్వేకరు ఈ విషయమై ఆయనను నిలదీసి ఉత్తరము వ్రాసెను. బానిసత్వమును సమర్థింప వీలులేదని గ్రీన్ ఒప్పుకొనెను. తన వద్దనున్నవారిని దయగా చూతునని మాత్రము జవాబిచ్చెను. బానిసలకు విడుదలనిచ్చి సైన్యములో చేర్చుకొనుడని యుద్ధకాలములో దక్షిణ కరోలినావారికి సలహా ఇచ్చినవాడును ఆయనే. ఎరిగియు చేయకపోవుట మనుష్యుల బలహీనత. ఈ మచ్చను దాచిపెట్టుట ఆయనకు గౌరవము కాదు.

1785లో కుటుంబముతో మల్బరీ గ్రోవ్ చేరెను. మరుసటి యేడు ఎండలో పొలములు చూచి వచ్చి, వడదెబ్బ తగిలి, జూన్ 19న చనిపోయెను. అప్పటికి 43 యేండ్లు. భార్య అయిదుగురు బిడ్డలతో మిగిలెను. ఆమె పట్టువిడువక ప్రభుత్వమునకు అర్జీ పెట్టగా, 1792లో కాంగ్రెసు 47,000 డాలర్లు మంజూరు చేసెను. మరుసటి యేడు పెద్ద కుమారుడు సవానా నదిలో మునిగి చనిపోయెను. ఆ యేడే ఆమె ఇంట అతిథిగానున్న ఎలీ విట్నీ ప్రత్తినుండి గింజ తీయు యంత్రము కనిపెట్టెను. ప్రత్తి సాగు పెరిగెను, దానితో బానిసల దుఃఖమును పెరిగెను.

చిన్న కుమారుడైన నతనయేలు రే యొక్క కుమారుడు జార్జి వాషింగ్టన్ గ్రీన్ చరిత్రకారుడై, తాతగారి జీవితమును మూడు సంపుటములుగా వ్రాసెను. సేనాని సమాధి ఏదో చాలకాలము తెలియకుండెను. 1901లో సవానా పాత శ్మశానములో కనుగొని, మరుసటి యేడు జాన్సన్ స్క్వేరులోని స్మారక స్తంభము క్రింద ఉంచిరి. గ్రీన్స్‌బరో పట్టణమునకు ఆయన పేరే పెట్టబడెను.

జాన్ గ్రీన్ మనస్సాక్షి కొరకు ఊరు విడిచెను. నాలుగు తరముల పిమ్మట వచ్చినవాడు తన మనస్సాక్షి కొరకే తండ్రి కూటమును విడిచెను. అదే మనస్సాక్షి బానిసల విషయములో పిలిచినప్పుడు లోబడలేకపోయెను. పితరులు మనకు పేరు, భూమి, కొలిమి ఇయ్యగలరు. మనస్సాక్షి స్వరమునకు జవాబు చెప్పవలసినవాడు మాత్రము ప్రతి తరములోను ఆ తరమువాడే.