ఆల్బెర్టో అస్కారి

ఆల్బెర్టో అస్కారి (జూలై 13, 1918 - మే 26, 1955) ఇటలీ దేశానికి చెందిన కారు పందెముల డ్రైవరు. 1952, 1953 సంవత్సరములలో వరుసగా రెండు సార్లు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఈ బిరుదును రెండు సార్లు గెలుచుకున్న మొట్టమొదటి వ్యక్తి ఇతడే. అయితే ఆ రెండేళ్ళలో అతనికి నిజమైన పోటీ ఉన్నదా, లేక బలమైన ప్రత్యర్థులు లేని మైదానంలో గెలిచాడా అన్న వాదన నేటికీ సాగుతూనే ఉంది.

== బాల్యం, తొలి పందెములు ==

అస్కారి మిలన్ నగరంలో జన్మించాడు. తండ్రి అంటోనియో అస్కారి ఆల్ఫా రోమియో సంస్థ తరఫున పోటీ చేసిన ప్రముఖ డ్రైవరు. 1925 జూలై 26న ఫ్రాన్సులోని మోంట్లెరి వద్ద ఫ్రెంచి గ్రాండ్ ప్రిలో ముందంజలో ఉండగా ప్రమాదానికి గురై మరణించాడు. అప్పటికి కుమారునికి ఏడేళ్ళు నిండి రెండు వారాలు కూడా కాలేదు.

తండ్రి మరణం కుమారుని ఈ రంగం నుండి దూరం చేయలేదు. అస్కారి మొదట బియాంకి సంస్థ మోటారు సైకిళ్ళపై పోటీ చేశాడు. 1940లో ఎంజో ఫెరారీ స్వంతంగా నిర్మించిన తొలి కారును మిల్లె మిల్యా పందెములో నడిపాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లుయిజి విల్లొరేసితో కలిసి ఇటలీ సైన్యానికి ఇంధనం చేరవేసే వ్యాపారం చేశాడు. వయసులో పెద్దవాడైన విల్లొరేసి అతనికి మిత్రుడే కాక గురువు వంటివాడు. 1949లో ఇద్దరూ కలిసి ఫెరారీ జట్టులో చేరారు.

== 1951 ==

పోటీ లేదన్న వాదనను పరిశీలించేవారు 1952 నుండి మొదలుపెట్టడం పరిపాటి. నిజానికి 1951 నుండి మొదలుపెట్టాలి. ఆ ఏడు ఆల్ఫా రోమియో కార్లు పూర్తి బలంతో ఉన్నాయి, వాటిని నడిపినవారిలో అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో ఒకడు. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ వద్ద అస్కారి అతనిని సుమారు అర నిమిషం తేడాతో ఓడించాడు. తరువాత మోంజాలోనూ గెలిచాడు. చివరి పందెము స్పెయిన్‌లో జరిగింది. అక్కడ ఫెరారీ జట్టు చక్రముల ఎంపికలో పొరబడటంతో టైర్లు పాడై అస్కారి నాలుగవ స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఫాంజియో 31 పాయింట్లతో ఛాంపియన్ కాగా అస్కారికి 25 లభించాయి.

== 1952: వాదనకు మూలం ==

1951 తరువాత ఆల్ఫా రోమియో పోటీల నుండి తప్పుకుంది. ఇంగ్లండుకు చెందిన బి.ఆర్.ఎం. కార్లు వస్తాయో రావో చెప్పలేని స్థితి. ఫార్ములా వన్ నిబంధనలతో పందెములు జరిపితే ఫెరారీ ఒక్కటే మిగిలేటట్లు ఉండటంతో, నిర్వాహకులు 1952, 1953 ఛాంపియన్‌షిప్పులను ఫార్ములా టూ నిబంధనలతో నిర్వహించారు. అనగా సూపర్‌ఛార్జరు లేని రెండు లీటర్ల ఇంజన్లు. దీనికి ఫెరారీ ముందే సిద్ధంగా ఉంది. ఆరేలియో లాంప్రెది రూపొందించిన నాలుగు సిలిండర్ల ఫెరారీ 500 తేలికైనది, నమ్మదగినది. పోటీ పెంచటానికి చేసిన మార్పు కాస్తా ఫెరారీకే కలిసివచ్చింది.

పైగా జూన్ 8న ఫాంజియో మోంజాలో ప్రమాదానికి గురయ్యాడు. ముందు రోజు ఉత్తర ఐర్లండులో పోటీ చేసి, రాత్రంతా ప్రయాణించి వచ్చి, విశ్రాంతి లేకుండా కారెక్కాడు. మెడ ఎముక విరగటంతో ఆ ఏడాది మిగిలిన పందెములకు దూరమయ్యాడు.

తొలి పందెమైన స్విస్ గ్రాండ్ ప్రి సమయంలో అస్కారి అమెరికాలోని ఇండియానాపోలిస్ 500కు వెళ్ళాడు. అక్కడ చక్రం విరిగి మధ్యలోనే ఆగిపోయాడు. తిరిగి వచ్చాక బెల్జియం, ఫ్రాన్సు, బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, ఇటలీ - ఆరింటికి ఆరూ గెలిచాడు. లెక్కలోకి తీసుకునే నాలుగు ఫలితాలకు సాధ్యమైన గరిష్ఠ పాయింట్లు 36, అవన్నీ అతనికే దక్కాయి.

మేటి కారు ఉంటే ఎవరైనా గెలుస్తారన్నది విమర్శకుల మాట. కాని ఆ కారు అతని ఒక్కడికే లేదు. 1950 ప్రపంచ ఛాంపియన్ జుసెప్పె ఫరీనా అదే ఫెరారీ 500ను నడిపాడు. ఆ ఆరు పందెములలో నాలుగింట అస్కారి వెనుక రెండవ స్థానంలో వచ్చినవాడు ఫరీనాయే. జర్మనీలో చివరి చుట్ల ముందు అస్కారి మరమ్మతుకు ఆగవలసివచ్చి ఆధిక్యం ఫరీనాకు పోయింది. అస్కారి అతనిని వెంటాడి చివరి చుట్టులో దాటి గెలిచాడు. ఫెరారీలు ఓడిపోనివి కూడా కావు. ఆ ఏడే రీమ్స్‌లో ఛాంపియన్‌షిప్పుకు చెందని పందెములో ఝాన్ బెహ్రా చిన్నపాటి గోర్డిని కారుతో వాటిని ఓడించాడు.

== 1953 ==

ఈ ఏడాది ఫాంజియో కోలుకొని మాసెరాటి జట్టుతో తిరిగివచ్చాడు. వాదనకు అసలైన పరీక్ష ఇదే. అస్కారి అర్జెంటీనా, నెదర్లాండ్స్, బెల్జియం, బ్రిటన్, స్విట్జర్లాండ్ పందెములు గెలిచాడు. వీటిలో కొన్నింట ఫాంజియో కారు చెడిపోయి ఆగిపోయిన మాట నిజమే. కాని బ్రిటన్‌లో ఫాంజియో చివరివరకు నిలిచి, ఒక నిమిషం వెనుకబడి రెండవ స్థానం పొందాడు. ఫ్రాన్సులో మాత్రం అస్కారి నాలుగవ స్థానంలో మిగిలాడు, మైక్ హాథార్న్ ఒక్క సెకను తేడాతో ఫాంజియోను ఓడించాడు. మోంజాలో చివరి చుట్టు చివరి మలుపు దగ్గర గందరగోళంలో అస్కారి కారు అదుపు తప్పటంతో ఫాంజియో గెలిచాడు. పోటీ లేని సంవత్సరంలో ఇటువంటి ముగింపులు ఉండవు.

అస్కారి వరుసగా తొమ్మిది గ్రాండ్ ప్రిలు గెలిచాడన్న లెక్కలో ఒక చిక్కు ఉంది. అప్పట్లో ఇండియానాపోలిస్ 500 కూడా ఛాంపియన్‌షిప్పులో భాగం. 1953లో అతడు అందులో పాల్గొనలేదు. దానిని కూడా లెక్కిస్తే వరుస ఏడుకే తెగిపోతుంది. తొమ్మిది విజయాల రికార్డును 2013లో సెబాస్టియన్ వెటెల్ సమం చేశాడు, 2023లో మాక్స్ వెర్‌స్టాపెన్ పదితో అధిగమించాడు.

== లాంచియా ==

1954లో అస్కారి ఫెరారీని విడిచి లాంచియా సంస్థలో చేరాడు. కొత్త డి50 కారు తయారీ ఆలస్యమవటంతో ఆ ఏడాది చాలావరకు వృథా అయింది. అయినా లాంచియా స్పోర్ట్స్ కారుతో మిల్లె మిల్యా గెలిచాడు. అక్టోబరులో స్పెయిన్‌లో డి50 తొలిసారి బరిలోకి దిగింది. ఫాంజియో నడిపిన మెర్సిడెస్‌ను వెనక్కు నెట్టి అస్కారి ప్రారంభ వరుసలో మొదటి స్థానం సంపాదించాడు, పందెములోనూ ముందంజ వేశాడు. కొద్ది చుట్లకే క్లచ్ చెడిపోయింది. ఫెరారీ 500 లేకుండా అతడేమిటో తెలుసుకోగోరేవారు చూడవలసినది ఆ పందెమే.

== మరణం ==

1955 మే 22న మొనాకోలో ముందున్న స్టిర్లింగ్ మాస్ కారు ఆగిపోయిన సమయంలోనే అస్కారి కారు అదుపు తప్పి నేరుగా సముద్రంలో పడింది. అతడు నీటిపైకి తేలి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు.

నాలుగు రోజుల తరువాత మోంజాలో మిత్రుడు యుజేనియో కాస్తెలొత్తి పరీక్షిస్తున్న ఫెరారీ స్పోర్ట్స్ కారును చూడటానికి వెళ్ళి, కొన్ని చుట్లు నడుపుతానన్నాడు. శకునములపై గట్టి నమ్మకం ఉన్న అస్కారి తన నీలి హెల్మెట్ తప్ప మరొకటి ధరించేవాడు కాదు. ఆ రోజు మాత్రం కాస్తెలొత్తి హెల్మెట్ తీసుకున్నాడు. మూడవ చుట్టులో కారు బోల్తా పడి మరణించాడు. తండ్రి వలెనే 36 ఏళ్ళ వయసులో, తండ్రి వలెనే నెలలో 26వ తేదీన. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. మిలన్‌లో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

లాంచియా సంస్థ కొద్ది వారాలలోనే పోటీల నుండి తప్పుకొని తన కార్లను ఫెరారీకి అప్పగించింది. 1956లో ఫాంజియో వాటి రూపాంతరంతోనే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మొత్తం 32 ఛాంపియన్‌షిప్ పందెములలో అస్కారి 13 గెలిచాడు. అతని తరువాత 2025 వరకు మరే ఇటలీ డ్రైవరు ప్రపంచ ఛాంపియన్ కాలేదు. మోంజాలో అతడు మరణించిన చోటి మలుపులకు అతని పేరే పెట్టారు.