జస్టిస్ కోకా సుబ్బారావు: ఇంటి గడప విలువ తెలిసిన న్యాయమూర్తి

భారత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పీఠాన్ని అధిష్ఠించిన తొలి తెలుగువారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. ఆయన పేరు వినగానే న్యాయశాస్త్రం చదివినవారికి గోలక్‌నాథ్ తీర్పు జ్ఞాపకం వస్తుంది. అయితే ఈ వారం మనం తెలుసుకోదగినది దానికంటే ముందు ఆయన వ్రాసిన మరొక తీర్పును గూర్చి. అది ఆనాడు నెగ్గని తీర్పు. సెల్‌ఫోను చేతబట్టుకొని తిరిగే మనందరికీ ఈనాడు అదే అండ.

సుబ్బారావుగారు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. అక్కడి ఆర్ట్స్ కళాశాలలోను, తరువాత మద్రాసు లా కాలేజీలోను చదివారు. మద్రాసులో మామగారి వద్ద న్యాయవాద వృత్తి ప్రారంభించారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు. బావమరిది పి.వి. రాజమన్నారుగారితో కలిసి మద్రాసులో ప్రాక్టీసు సాగించారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, 1954లో, గుంటూరులో హైకోర్టు వెలసినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించి హైకోర్టు హైదరాబాదుకు తరలినప్పుడు కూడా ఆ బాధ్యత ఆయనదే. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడ ఆయన ముందుకు ఖరక్ సింగ్ అనే వ్యక్తి వ్యాజ్యం వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈయనను 1941లో పోలీసులు ఒక బందిపోటు కేసులో అనుమానించారు. సాక్ష్యం లేనందున విడిచిపెట్టారు. కాని ఆయన పేరున ఒక హిస్టరీ షీటు తెరిచారు. మన ప్రాంతంలో రౌడీ షీటు అంటామే, అటువంటిదే. ఇక అప్పటినుండి ఆయన ఇంటిమీద నిఘా. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అని రహస్యంగా చూచేవారు. రాత్రిపూట చౌకీదార్లు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు తట్టి నిద్ర లేపేవారు. పొరుగూరికి పోవాలన్నా ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు వచ్చేదీ చౌకీదారుకు చెప్పి పోవాలి. ఏ కోర్టూ ఆయనను దోషి అనలేదు. అయినా సంవత్సరాల తరబడి ఇదే తంతు. ఇందుకు ఏ శాసనసభా చేసిన చట్టం లేదు. ఆధారం పోలీసు శాఖ నిబంధనలే.

ఆరుగురు న్యాయమూర్తులు విచారించి 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పారు. నలుగురు ఒక దారి పట్టారు. అర్ధరాత్రి ఇంటిమీదికి రావడం వ్యక్తి స్వేచ్ఛకు భంగమని ఒప్పుకొని దానిని కొట్టివేశారు. తక్కిన నిఘా మాత్రం ఉండవచ్చునన్నారు. దూరంనుండి చూచినంత మాత్రాన ఎవరి నడకా ఆగదు గనుక స్వేచ్ఛకు లోటు లేదన్నారు. గోప్యత అనే హక్కును మన రాజ్యాంగం ఇవ్వలేదని కూడా వ్రాశారు.

సుబ్బారావుగారు అంగీకరించలేదు. జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. ఆయన ఆలోచన ఇలా సాగింది. స్వేచ్ఛగా తిరగడమంటే కాళ్లకు అడ్డు లేకపోవడం మాత్రమే కాదు. వెంట ఒక కన్ను ఉందని తెలిసిన మనిషి మనసు విప్పి మాట్లాడలేడు, నచ్చిన స్నేహితుని ఇంటికి పోలేడు. నాగరికత పెరిగేకొద్దీ శరీరానికి వేసే సంకెలకన్న మనసుకు వేసే సంకెలే గట్టిది. మనసును అదుపు చేసే శాస్త్రీయ పద్ధతులు మనిషిని భయపెట్టి ఒకే గాడిలో నడిపిస్తాయి. గోప్యత అనే మాట రాజ్యాంగంలో కనిపించకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగం. మనిషికి తన ఇల్లు కోటవంటిది. కనుక ఈ నిబంధన మొత్తం చెల్లదని ఆయన తేల్చారు. కంప్యూటరంటే ఏమిటో మన దేశంలో బహుకొద్దిమందికే తెలిసిన రోజులలో ఆయన ఈ సంగతి గ్రహించడం గమనింపదగినది.

అయితే ఇద్దరి మాట నలుగురి మాటముందు నిలువలేదు. తీర్పు పుస్తకంలో అది భిన్నాభిప్రాయంగా మిగిలిపోయింది.

సుబ్బారావుగారు 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో వెలువడిన గోలక్‌నాథ్ తీర్పులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతం తగ్గించరాదని ఆరుగురి పక్షాన నిలిచి చెప్పారు. ఐదుగురు కాదన్నారు. 1973లో మరింత పెద్ద ధర్మాసనం ఆ తీర్పును మార్చింది. 1967 ఏప్రిల్‌లో ఆయన పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచి డాక్టర్ జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠంనుండి నేరుగా ఎన్నికలకు వెళ్లడం సబబు కాదని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో బలం లేకపోలేదు.

1976 మే 6న ఆయన కన్నుమూశారు. అది అత్యవసర పరిస్థితి కాలం. అంతకు ఎనిమిది రోజుల ముందే, ఏప్రిల్ 28న, అక్రమంగా నిర్బంధించారని కోర్టుకు మొరపెట్టుకొనే హక్కు కూడా ఆ కాలంలో పౌరునికి లేదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వ్యక్తి స్వేచ్ఛకోసం కలం పట్టిన పెద్దమనిషి అంతటి చీకటి రోజున వెళ్లిపోయారు.

కాని వ్రాసిన మాట నశించలేదు. ఆధార్ పథకం వేలిముద్రలను, కంటిపాప గుర్తులను సేకరించడాన్ని సవాలు చేస్తూ కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. దానికి చూపిన ఆధారాలలో ఖరక్ సింగ్ కేసులో నలుగురి మాట ఒకటి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. ఆనాటి సుబ్బారావుగారి అభిప్రాయమే సరియైనదని అంగీకరించారు. 1976 నాటి ఆ తీర్పును కూడా అదే తీర్పులో తప్పని కొట్టివేశారు. 2018లో ఆధార్ నిలిచింది గాని, బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు దానిని తప్పనిసరి చేయరాదని కోర్టు చెప్పింది.

ఇక మన సంగతి చూద్దాం. ఖరక్ సింగ్ ఇంటిముందు కాపలాకు ఒక మనిషి కావలసివచ్చింది. మన విషయంలో ఆ పని జేబులోని ఫోనే చేస్తున్నది. ఎక్కడికి వెళ్లామో, ఎవరితో మాట్లాడామో, ఏమి కొన్నామో, అర్ధరాత్రి ఏ జబ్బును గూర్చి వెదికామో అందులో నమోదవుతున్నది. ఆ షీటు పోలీసు స్టేషనులోనే కాదు, వ్యాపార సంస్థల కంప్యూటర్లలోనూ ఉంది. సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న హైదరాబాదులోనే, ముఖాలను గుర్తుపట్టే కెమెరాల వాడకాన్ని ప్రశ్నించే పిటిషన్ 2022లో హైకోర్టు ముందుకు వచ్చింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు ఒక చట్టం చేసింది. మన సమ్మతి అడగాలని అది చెబుతుంది. అయితే ప్రభుత్వం తాను ఎంచుకున్న సంస్థలకు దానినుండి మినహాయింపు ఇచ్చుకొనే వీలు కూడా అందులోనే ఉంది.

తప్పు చేయనివాడికి భయమెందుకు అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ఖరక్ సింగ్ జీవితమే సమాధానం. నేరం రుజువు కాకపోయినా ఆయన నిద్ర పోయింది, పరువు పోయింది. గోప్యత దొంగలు దాగే చాటు కాదు. మనిషి మనిషిగా బ్రతకడానికి కావలసిన చోటు. పేరు చెడినవానికి కూడా ఆ చోటు ఉండాలని సుబ్బారావుగారు పట్టుబట్టారు గనుకనే అది ఈనాడు మనందరికీ దక్కింది.

కావున, పాఠకులారా, దుకాణంలోనో దరఖాస్తులోనో మన నెంబరు అడిగినప్పుడు ఎందుకని మర్యాదగా అడుగుదాం. అక్కర లేనిచోట ఆధార్ నకలు ఇవ్వకుందాం. ఇతరుల ఫొటోలు, వారి ఇంటి సంగతులు వాట్సాప్‌లో పంపేముందు వారి అనుమతి తీసుకుందాం. మన గడపకు గౌరవం కోరుకునే మనం, పొరుగువాని గడపకు కూడా ఆ గౌరవం ఇవ్వడం న్యాయం.