తర్వాతి ఆసనం ఎప్పుడు?



మైసూరులో అష్టాంగ యోగా నేర్చుకోవడానికి దేశదేశాల నుంచి సాధకులు వస్తారు. వాళ్లలో ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లూ ఉంటారు. అందరూ ఒకే హాల్లో ఉన్నా ఎవరి వేగం వాళ్లది. ఒక ఆసనం కుదిరాకే గురువు తర్వాతిది ఇస్తారు. ప్రైమరీ సిరీస్ కుదరకుండా ఇంటర్మీడియట్ లేదు, అది కుదరకుండా అడ్వాన్స్‌డ్ లేదు. ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది పట్టాభి జోయిస్. ఆయన గురువు తిరుమలై కృష్ణమాచార్య. పిల్లల చదువు గురించి ఆలోచించే మనం ఈ గురువుగారి జీవితం తప్పక తెలుసుకోవాలి.

కృష్ణమాచార్య 1888 నవంబరు 18న ఇప్పటి కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా ముచుకుందపురంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మైసూరులో, కాశీలో సంస్కృత శాస్త్రాలు చదువుకున్నారు. మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయార్ ఆయన్ను ఆదరించి, 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల పెట్టించారు. మరుసటి ఏడాదే కన్నడంలో ఆయన పుస్తకం ‘యోగ మకరంద’ వచ్చింది. జోయిస్ అంతకుముందే, 1927లో, హాసన్‌లో ఆయన ప్రదర్శన చూసి శిష్యుడయ్యాడు. అప్పటికి ఆ అబ్బాయికి 12 ఏళ్లు.

ఆ రోజుల్లో కృష్ణమాచార్య చాలా కఠినమైన గురువు. జనానికి యోగా మీద ఆసక్తి కలిగించాలని శిష్యులతో ఊరూరా ప్రదర్శనలు ఇప్పించేవారు. ఆయన బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ అప్పుడు జబ్బులతో చిక్కిపోయిన కుర్రాడు. ఒక ప్రదర్శనలో, అంతకుముందు నేర్చుకోని హనుమానాసనం వేయమని గురువుగారు పట్టుబట్టారట. తొడ వెనక కండరాలు దెబ్బతిని, చాలాకాలం సరిగా నడవలేకపోయానని అయ్యంగార్ పెద్దయ్యాక చెప్పుకున్నారు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. నొప్పి మాత్రం పిల్లవాడికే మిగిలింది.

1950లో యోగశాల మూతపడింది. అరవై దాటిన వయసులో కృష్ణమాచార్య మద్రాసు చేరి మళ్లీ మొదలుపెట్టారు. అక్కడ ఆయన దగ్గరికి జబ్బుపడినవాళ్లు, వయసుమీరినవాళ్లు కూడా వచ్చారు. ఒక్కొక్కరినీ విడిగా చూసి, వారి వయసుకీ ఒంటికీ తగిన సాధన ఇచ్చేవారు. ఆసనం ఎంత కష్టమైనదన్నది కాదు, అందులో శ్వాస సాఫీగా సాగుతోందా లేదా అన్నదే ఆయనకు కొలత. 96వ ఏట తుంటి ఎముక విరిగితే, మంచంలో పడుకునే చేయగల సాధనను తనకు తానే తయారు చేసుకున్నారు. 1989 ఫిబ్రవరి 28న, నిండు నూరేళ్లు బతికి కన్నుమూశారు.

ఇక మన పిల్లల సంగతికి వద్దాం. పక్కింటి అబ్బాయి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరాడని వింటే మీకు కంగారు పుట్టడం సహజం. తరగతిలో మాకూ ఆ తొందర ఉంటుంది, సిలబస్ పూర్తి చేయాలి కదా. కానీ భిన్నాలు రాని పిల్లవాడికి ఆల్జీబ్రా ఇస్తే, అది నేర్చుకోని హనుమానాసనమే. మార్కులు వచ్చినా లోపల ఎక్కడో ఏదో తెగుతుంది. లెక్కలంటే భయం రూపంలో అది తర్వాత బయటపడుతుంది.

ఈ నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఎన్ని చాప్టర్లు అయ్యాయని అడగండి, అది మీ హక్కు. దాంతోపాటు మీ పాప ఏ చాప్టర్‌ను ఎవరి సాయం లేకుండా చెప్పగలుగుతోందో కూడా అడగండి. ఇంట్లో పది నిమిషాలు కూర్చోబెట్టుకుని, చదివింది సొంత మాటల్లో చెప్పించుకోండి, తెలుగులో చెప్పినా సరే. తడబడకుండా చెబితే తర్వాతి పాఠానికి సిద్ధమైనట్టే. తడబడితే ఇంకో వారం అక్కడే ఉండనిద్దాం. ఆ వారం వృథా కాదు.