మూసీని చదివిన ఇంజినీరు: డిగ్రీకి, కొలువుకు నడుమ ఖర్చు ఎవలది?

సెప్టెంబర్ 15 వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కున్న ఇంజినీరింగ్ కాలేజీలల్ల మైసూరు తలపాగ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఫోటోకు దండేస్తరు. సార్లు నాలుగు మాటలు మాట్లాడుతరు, పిలగాళ్లు సెల్ఫీలు దిగుతరు, గంతే. ఆయన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. డ్యాములు కట్టిండని అందరికీ ఎర్కే. కాని ఆ పని ఆయన ఎట్ల నేర్చుకున్నడు, నేర్చుకునేటప్పుడు ఆయన తిండికి, బట్టకు పైసలు ఎవలు పెట్టిన్రు అన్నది మాత్రం ఎవలూ చెప్పరు. గది చెప్పుకుంటే తప్ప, సీఎస్ఈ పట్టా సంచిల పెట్టుకొని అమీర్‌పేట బస్సెక్కుతున్న మన తమ్ముళ్ల, చెల్లెళ్ల తిప్పలు సమజ్ గావు.

విశ్వేశ్వరయ్య తాతముత్తాతలు మన తెలుగోళ్లే. గిద్దలూరు దిక్కున్న మోక్షగుండం నుంచి మైసూరు రాజ్యానికి వలసపోయిన్రు. అక్కడ చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిల ఆయన పుట్టిండు. తండ్రి సంస్కృత పండితుడు. ఇంట్ల సదువు ఉన్నది గని సంపద లేదు. ఆయన ఇంకా బడిల ఉండంగనే తండ్రి సచ్చిపోయిండు. మేనమామ అండతోని బెంగళూరు చేరి, సెంట్రల్ కాలేజీల బీఏ సదివిండు. ఆ రోజులల్ల ఒక పెద్ద ఉద్యోగి ఇంట్ల పిల్లలకు ట్యూషన్ చెప్పి ఖర్చులు ఎల్లదీసుకున్నడు. లెక్కలల్ల గట్టోడని పేరొచ్చింది. మైసూరు సర్కారు స్కాలర్‌షిప్ ఇచ్చి పుణె సైన్స్ కాలేజీకి తోలింది. 1883ల అక్కడ సివిల్ ఇంజినీరింగ్ ఎల్‌సీఈ పరీక్షల బొంబాయి రాజ్యం మొత్తంల ఫస్టొచ్చిండు.

ఇక్కడ ఒక ముచ్చట మంచిగ గుర్తువెట్టుకోవాలె. ఆ కాలేజీల ఫస్టొచ్చినోనికి బొంబాయి సర్కారు ఇంజినీరు కొలువు ఖాయంగ ఇచ్చేది. అట్ల 1884ల ఆయన పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటుల అసిస్టెంట్ ఇంజినీరు అయిండు. అంటే పరీక్ష రాసిన మరుసటేడే చేతికి జీతం, మీద చెప్పెతందుకు పెద్ద ఇంజినీరు, ముంగట నిజమైన పని. ఈ మూడూ ఒక్కసారే దొరికినయ్.

అట్లని కాలేజీల నేర్చినదాంతోనే అన్నీ నడిచినయా అంటే, నడువలే. కొలువుల చేరిన కొత్తల్నే ధూలె దగ్గర పాంజ్రా నది పాయ కింది నుంచి పైపు వేసి నీళ్లు దాటించే పని చెప్పిన్రు. సైఫన్ అంటరు దాన్ని. పుస్తకంల సైఫన్ అంటే ఒక బొమ్మ, ఒక లెక్క. ఏటిల దిగితే వానకాలం, వరద, తవ్విన కాడల్లా మేట వేసే ఇసుక. వానలు పోయినంక చేద్దామని ఆయన పైకి రాసిండు. పై ఆఫీసరుకు అది నచ్చలే. మళ్ల అదే ఏటిల దిగి పని పూర్తి చేసిండు. నది ఎట్ల ఉంటదో గా వానకాలమే ఆయనకు నేర్పింది. తప్పు జరిగితే మందలించెతందుకు పైన ఒకలు ఉన్నరు, నెల తిరిగితే జీతం మాత్రం ఆగలే.

ఆ తర్వాత పదేండ్లకు సింధు నది ఒడ్డున్న సుక్కూరుకు పంపిన్రు. ఆ ఊరిప్పుడు పాకిస్తాన్ల ఉన్నది. ఊరికి తాగునీళ్లు ఇయ్యాలె. నదిల నీళ్లు మస్తున్నయ్ గని అంతా బురద. పుస్తకం ప్రకారం నీళ్లను వడగట్టే ఫిల్టర్ బెడ్లు కట్టాలె. మున్సిపాలిటీ దగ్గర అన్ని పైసలు లేవు. అప్పుడాయన నది ఇసుకల్నే బావి తవ్విపిచ్చి, దానికి నది కిందికి సొరంగం కలిపిండు. ఇసుకల నుంచి ఊరే నీళ్లు తేటగ వచ్చినయ్. నది ఇసుకే ఫిల్టర్ అయింది. నీళ్లు ఇసుకల నుంచి ఎట్ల ఊరుతయన్న శాస్త్రం కాలేజీ చెప్పింది. పైసలు లేని ఊరికి ఆ శాస్త్రం ఎట్ల పనికొస్తదో పని చెప్పింది. రెండిట్ల ఏది లేకున్నా ఆ బావి లేదు.

కోడ్ రాసే పిలగాళ్లకు ఆయన చేసిన ఇంకో పని చెప్పాలె. పుణెకు నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా చెరువు ప్రతి వానకాలం అలుగు పారేది. నీళ్లన్నీ కిందికి పోయేటియి, ఎండకాలం కరువొచ్చేది. కట్ట ఎత్తు పెంచుదామంటే పాత కట్ట. అందుకని ఆయన అలుగు మీద గేట్లు పెట్టే ఉపాయం చేసిండు. నీళ్లు ఒక మట్టం దాటితే ఆ గేట్లు వాటంతట అవే తెర్సుకుంటయ్. మట్టం తగ్గితే అవే మూసుకుంటయ్. మనిషి పోయి తిప్పే పనిలేదు. 1903ల అవి అక్కడ పెట్టిన్రు. ఇట్లైతే ఇది చెయ్యి, లేకుంటే అది చెయ్యి అని మీరు ఫస్టియర్ల రాసే షరతునే ఆయన ఇనుముతోని, బరువులతోని రాసిండన్నమాట. దానికి పేటెంట్ తీసుకున్నడు గని సర్కారు కొలువుల ఉండి చేసిన పని అని పైసలు తీసుకోలే. ఆ గేటు పుట్టేనాటికి ఆయన కొలువుల చేరి 19 ఏండ్లయింది. 19 ఏండ్లు నీళ్లను చూసినోడు చేసిన గేటు అది.

ఇగ మన మూసీ కాడికొద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ల వేలమంది సచ్చిపోయిన్రు. నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిచింది. 1909ల వచ్చిన మనిషి ముందుగాల పట్నంల గోడ కడదామనలే. పట్నం మీది దిక్కు పోయి ఏ కాడ ఎంత వాన పడ్డది, ఏ చెరువు ఎప్పుడు తెగింది అని లెక్కలు తీసిండు. రెండు వందలకు పైగ చెరువులు తెగి ఆ నీళ్లన్నీ ఒక్కసారి పట్నం మీద పడ్డయని తేలింది. అందుకని నదిని పైన్నే ఆపాలె, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రిజర్వాయర్లు కట్టాలె అన్నడు. అవే 1920ల పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927ల పూర్తయిన హిమాయత్‌సాగర్. ఆ మూసీయే సూర్యాపేట దిక్కు పారి, మిర్యాలగూడ కింద వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. కోడ్ రాసేటోళ్లకు ఇండ్ల పాఠం ఉన్నది. ఎర్రర్ పట్నంల కనవడ్డది, తప్పు పైన చెరువులల్ల ఉన్నది. తప్పు ఏడ మొదలైందో పట్టుకునుడే సగం పని. ఇది ఏ సిలబస్‌ల మార్కులకు రాదు.

అదే 1909ల మైసూరుకు చీఫ్ ఇంజినీరుగ పోయిండు, 1912ల దివాను అయిండు. కావేరి మీద కృష్ణరాజసాగర్ పని ఆయన చేతుల మీద మొదలైంది. 1916ల మైసూరు యూనివర్సిటీ, 1917ల బెంగళూరుల ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిపిచ్చిండు. ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిపిచ్చిన ఆ మనిషే 1943ల బెంగళూరుల ఇంకో సంస్థ మొదలువెట్టిపిచ్చిండు. చేతిపనులు, మిషన్ పనులు నేర్పే సంస్థ అది. భద్రావతి ఇనుము కర్మాగారంల చేసిన పనికి తనకు రావాల్సిన పైసలను దానికే మళ్లించిండు. దానికి తన పేరు గాదు, మైసూరు రాజు పేరు పెట్టిన్రు. ఒక్క యూనివర్సిటీతోని పని కాదు, చేతులతోని చేసే సదువు గూడ కావాలె అని ఆయనకు ఎర్క. 1955ల భారతరత్న వచ్చింది. 1962ల సచ్చిపోయేనాటికి నూరేండ్లు నిండినయ్.

దండేసేటప్పుడు ఆయన గురించి చెప్పని ముచ్చట ఒకటున్నది, అదీ చెప్పాలె. 1918ల మైసూరు రాజు బ్రాహ్మణేతరులకు సర్కారు కొలువులల్ల వాటా పెంచెతందుకు జడ్జి లెస్లీ మిల్లర్ కింద ఒక కమిటీ ఏసిండు. విశ్వేశ్వరయ్యకు అది నచ్చలే. కొలువు ప్రతిభకే దక్కాలన్నది ఆయన లెక్క. ఆ యేడాదే దివాను పదవి ఇడిచిపెట్టిండు. కాని ఆయన ప్రతిభ పెరిగిందే సర్కారు స్కాలర్‌షిప్ మీద, సర్కారు గ్యారంటీ కొలువు మీద. సదువు ఉన్న ఇల్లు, అండగ ఉన్న మేనమామ, పైసలిచ్చిన రాజ్యం. ఇవన్నీ ఉన్నోనికి తెలివి తొందరగ కనవడతది. ఇవి లేనోళ్లకు వాటా అడిగితే ప్రతిభ చెడిపోతదనుడు న్యాయం కాదు. ఆయన పనిని గౌరవిద్దాం, ఈ మాట మాత్రం ఒప్పుకునేది లేదు.

ఇప్పుడు మన ఊర్లకొద్దాం. నాలుగేండ్ల బీటెక్ల ల్యాబ్ అంటే ఏందో మీకే ఎర్క. రికార్డు సీనియర్ దగ్గర తెచ్చుకొని చూసి రాసుడు, ప్రాజెక్టు హైదరాబాద్‌ల కొనుక్కొచ్చుడు శాన కాడ నడుస్తది. పరీక్షల ప్రోగ్రాం కాయితం మీద పెన్నుతోని రాస్తరు. వేరేటోళ్లు రాసిన పదివేల లైన్ల కోడ్ సదివి ఒక్క తప్పు పట్టుకునుడు, నలుగురు కలిసి ఒక్క కోడ్ మీద గిట్‌తోని పనిచేసుడు, వాడేటోళ్లను కలిసి వాళ్లకేం కావాలో అడుగుడు, ఇవి కొలువుల రోజూ ఉండే పనులు. మస్తు కాలేజీలల్ల ఇవి కనవడయ్. పట్టా వచ్చినంక అమీర్‌పేటల కోచింగ్ ఫీజు, హాస్టల్ ఫీజు, నెలల కొద్ది తిండి ఖర్చు. దానికోసం వడ్లమ్మిన పైసలు, అవ్వ పుస్తెలతాడు, వడ్డీ అప్పు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి పడితే కాలేజీ సర్టిఫికెట్ ఆపుతది, అదొక తిప్పల. అంటే ఒక్క సదువుకు మన ఇండ్లు రెండుసార్లు పైసలు కడుతున్నయ్.

ఇందుకే కొందరు డిగ్రీ దండుగ, సక్కగ కోర్సు నేర్చుకోండ్రి అంటున్నరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాట నమ్మకుండ్రి. అమీర్‌పేట ఇయ్యాల నడిచే టూల్ నేర్పుతది. రేపు ఆ టూల్ పోతది. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్, లెక్కలు, ఇవి కాలేజీ ఇచ్చే పునాది. విశ్వేశ్వరయ్యకు పైపు నుంచి బావికి, బావి నుంచి గేటుకు, గేటు నుంచి డ్యాముకు పోయేటట్టు చేసింది పుణెల సదివిన లెక్కలే. ఇప్పుడు ఏఐ అడిగితే కోడ్ రాసిస్తున్నది. ఆ కోడ్ తప్పో ఒప్పో చెప్పాలంటే ఈ పునాదే కావాలె. డిగ్రీ సాలదు, అది నిజం. సాలనిదంటే అక్కెర లేనిది అని కాదు.

ఎవలైనా పని నేర్చుకునేది పనిలనే. విశ్వేశ్వరయ్య గూడ అంతే. తేడా ఏందంటే, ఆయన జీతం తీసుకుంట నేర్చుకున్నడు, మనోళ్లు అప్పు తెచ్చుకొని నేర్చుకుంటున్నరు. పెద్ద కంపెనీలకు ఈ సంగతి ఎర్కే. ఇన్ఫోసిస్ మైసూరుల పెద్ద క్యాంపస్ పెట్టి, కొలువుల తీసుకున్న ఫ్రెషర్లకు నెలల తరబడి నేర్పుతది. అంటే కంపెనీ తీసుకున్నోళ్లకు జీతం మీద సదువు. ఇంటర్వ్యూ గేటు దాటనోళ్లకు, అంటే శానవరకు ఊర్ల నుంచి పోయిన తెలుగు మీడియం పిలగాళ్లకు, అదే సదువు సొంత పైసల మీద.

అందుకే అడగాల్సింది సర్కారును, యూనివర్సిటీని, కాలేజీని. ఆఖరి యేడు ఒక సెమిస్టర్ అంతా స్టైపెండ్‌తోని నిజమైన పని ఉండాలె. పని ఏడున్నది అంటరా? సూర్యాపేట మార్కెట్ యార్డుల వడ్ల ధరలు, తూకాలు ఉన్నయ్. మిర్యాలగూడ రైస్ మిల్లులల్ల స్టాకు లెక్కలున్నయ్. కోదాడ దాకొచ్చే సాగర్ ఎడమ కాల్వల ఏ తూముకు ఎప్పుడు నీళ్లొస్తయన్న లెక్కున్నది. ఇవన్నీ మంచి ప్రాజెక్టులే. చట్టం గూడ ఉన్నది. 1961 అప్రెంటిస్ చట్టంల 1973ల డిగ్రీ, డిప్లొమా ఇంజినీర్లను చేర్చిన్రు. ఆ స్కీం కింద కనీస స్టైపెండ్‌ల సగం కేంద్రమే ఇస్తది. మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకు పోయి, దీని కింద మనోళ్లను ఎంతమందిని పంపిన్రు అని అడుగుండ్రి. జవాబు రాకపోతే రాతపూర్వకంగ అడుగుండ్రి.

అప్పటిదాక చేతులు కట్టుకొని కూసోకుండ్రి. ముగ్గురు నలుగురు కలిసి ఊరికి పనికొచ్చే ఒక్క ప్రోగ్రాం చెయ్యిండ్రి. మిల్లుకో, మార్కెట్‌కో పోయి వాడేటోళ్లను అడుగుండ్రి. చెడిపోతది, మళ్ల చెయ్యిండ్రి. అది మీ పాంజ్రా నది అనుకోండ్రి. కాని ఆ ఏటిల దిగే పిలగానికి జీతమో, స్టైపెండో ఇచ్చే బాధ్యత సర్కారుది, కంపెనీలది. మన నాయిన అమ్మిన ఎకరంది కాదు.