గండి తోరణం చూసిన దొర, రంగం ఓడెక్కిన మనోళ్లు

శ్రావణమాసంలో గండి ఆంజనేయస్వామి గుడికి పోనోళ్లు మా పక్క తక్కువ. వేంపల్లె దాటినాక రెండు కొండల నడుమ పాపాఘ్ని సందు చేసుకోని దిగే చోటు అది. చిన్నప్పుడు మా జేజి ఆడికి పోయినప్పుడల్లా నా తల కిందికి వంచేది. పైకి చూడొద్దు, బంగారు తోరణం కనపడితే సావు దగ్గరపడినట్టే అనేది. రాములవారి కోసం వాయుదేవుడు కట్టిన తోరణమంట అది. అది ఒక తెల్లదొరకు కనపడిందంట, ఆర్నెల్లు తిరక్కుండానే పోయినాడంట. ఆ దొర పేరు మన్రో.

నేను పదో తరగతితోనే బడి మానేసినోణ్ణి. తరవాత చదివిందంతా నేనే ఎతుక్కోని చదివింది. ఆ దొర ఎవరని ఎతికితే తోరణం కత కంటే పెద్ద కత దొరికింది. అది ఓడతో మొదలై ఓడలతో ముగుస్తాది.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టినాడు. నాయన అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికావాళ్లు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధం మొదలు కాంగానే ఆ వ్యాపారం మునిగిపోయింది. బాగా బతికిన ఇల్లు కుదేలయింది. కొడుకును ఈస్టిండియా కంపెనీ ఓడలో పనికి పెట్టి, ఆఖరికి ఎట్లనో కంపెనీ సైన్యంలో క్యాడెట్ ఉద్యోగం ఇప్పించినాడు నాయన. అయితే ప్రయాణం ఖర్చుకు డబ్బు లేదు. ఆ పిల్లోడు ఓడలో మామూలు కళాసీ మాదిరి పనిచేసుకుంటా వచ్చినాడు. 1780 జనవరి 15న మద్రాసులో దిగేటప్పటికి వానికి పద్దెనిమిదేళ్లు.

మన జిల్లా పిల్లోళ్లకు ఇది తెలీని కత గాదు. నాయన అప్పు తీర్చను కువైట్ విమానం ఎక్కినోళ్లు మన ఊర్లల్లో ఇంటికొకరు ఉండారు. అందుకే ఇంతవరకు చదివితే ఆ దొర మీద నాగ్గూడా జాలేసింది.

అదే ఏడాది హైదరాలీ దండెత్తి వచ్చినాడు. మన్రో ఆ యుద్ధంలోనే సిపాయి పని నేర్చుకున్నాడు. పన్నెండేండ్లు అట్ల గడిచినాక బారామహల్‌లో శిస్తు పనిలో పడినాడు. 1800లో నిజాం మన సీమ జిల్లాలను కంపెనీకి రాసిచ్చినాక, ఈడికి పెద్ద కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఎనభై మంది దాకా పాలెగాళ్లను అణిచినాడు. ఊరూరు తిరిగి, భూములు కొలిపించి, రైతుతోనే నేరుగా లెక్క కుదిర్చే రైత్వారీని నిలబెట్టినాడు. శిస్తు మాత్రం బరువే. అది ఎక్కువని ఆయనకూ తెలుసు. పోయే ముందు నూటికి 25 తగ్గించమని రాసినాడు, పైవాళ్లు ఒప్పుకోలేదు. తానే 1820లో మద్రాసు గవర్నరయినాక తగ్గించినాడు. జనం మంచినే గుర్తు పెట్టుకున్నారు. పిల్లోళ్లకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. తిరుమలలో ఆయన పేరు మీద మన్రో గంగాళం ఉంది.

ఇంగ నేను చెప్పదలుచుకున్నది ఈడనే మొదలయితాది.

1824లో కంపెనీకి బర్మా రాజుతో యుద్ధం వచ్చింది. యుద్ధం అనుకున్నది కలకత్తాలోని గవర్నర్ జనరల్ ఆమ్హర్‌స్ట్, మన్రో గాదు. మనుషులను, ఓడలను, తిండిగింజలను, ఎద్దులను పోగేసి పంపే పని మాత్రం ఎక్కువగా మద్రాసు మీదనే పడింది. మద్రాసుకు అప్పుడు రేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే నిలబడేవి. సిపాయిలను మసూలా పడవల్లో అలల మీంచి తీసుకపోయి ఎక్కించేవాళ్లు. ఆ పల్టన్లలో తెలుగోళ్లు, తమిళోళ్లు, ముసల్మానులు ఉన్నారు. అదే ఏడాది నవంబరులో బారక్‌పూర్‌లో బెంగాల్ సిపాయిలు పోమని మొండికేస్తే కంపెనీ వాళ్ల మీద ఫిరంగులు పేల్చింది. మనోళ్లు ఓడెక్కినారు.

1824 మే నెలలో ఆ ఓడలు రంగం చేరినాయి. ఊరు ఖాళీ. బర్మావాళ్లు తిండి దొరక్కుండా చేసి అడవుల్లోకి పోయినారు. ఆ మీంచి వానలు పట్టుకున్నాయి. జ్వరాలు, రక్తవిరేచనాలు. రెండేండ్ల యుద్ధంలో కంపెనీ పక్క పోయినోళ్లు తెల్లోళ్లు, మనోళ్లు కలిసి దాదాపు 15,000 మంది అని చరిత్రకారుల లెక్క. ఎక్కువమందిని తిన్నది తుపాకీ గాదు, జబ్బు.

మన్రో ఇంటికి పోవాలనుకోని గూడా ఈ యుద్ధం కోసమే ఆగిపోయినాడు. చేసిన పనికి 1825లో బారొనెట్ బిరుదు వచ్చింది. 1826లో యుద్ధం ముగిసింది. 1827లో పోయే ముందు తాను ఏలిన సీమను ఒకసారి చూసిపోదామని బయలుదేరినాడు. దండులో కలరా తగులుకుంది. జులై 6న పత్తికొండలో పోయినాడు. గుత్తిలో పూడ్చి, తరవాత మద్రాసు కోటలోని చర్చికి మార్చినారు. పత్తికొండలో ఆయన పేరు మీద తోపు వేసినారు, బావి తవ్వించినారు. మద్రాసులో గుర్రం మీద విగ్రహం ఇప్పటికీ ఉంది.

ఓడ అడుగున చాకిరీ ఎట్లుంటాదో తెలిసిన మనిషి ఆయన. యుద్ధం వస్తే ముందు మునిగేది ఎవరి ఇల్లో గూడా తెలుసు, తన ఇల్లే మునిగింది గాబట్టి. అట్లాంటోడే గవర్నరు కుర్చీలో కూచోని ఓడలు నింపి పంపినాడు. చెడ్డోడు గాబట్టి పంపినాడని నేను అనను. మంచోడయినా, ఆ కుర్చీ చేయించే పని అదే. రాజ్యాన్ని మనిషి మంచితనంతో కొలిస్తే మనం మోసపోతాం.

దొరకు విగ్రహముంది, తోపుంది, గంగాళముంది, తోరణం కత గూడా ఉంది. రంగంలో బురదలో పోయిన సిపాయిలూ ఎవురో ఒకరికి నాయనలే. వాళ్ల పేర్లు మన ఊర్లల్లో ఏ రాయి మీదా నేను చూడలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చేతిలో ఫోనుంది గదా. మీ ఇంట్లో ముసలోళ్లు ఉంటే కూచోబెట్టి అడగండి. రంగం పోయినోడు, పల్టన్లో చేరినోడు, ఓడెక్కి మళ్లీ రానోడు మన వంశంలో ఎవరన్నా ఉన్నారా అని. ఒక్క పేరు దొరికినా రాసి పెట్టండి. ఈసారి గండికి పోయినప్పుడు నేను తల వంచను. పైకే చూస్తా. ఆ తోరణం కింద దొర ఒక్కడే నిలబడలేదని నాకిప్పుడు తెలుసు.